టూ-టూ సైజు చెయ్యి

పనిలో పెట్టుకునేముందు పాండు మేస్త్రి ఈరమ్మను ఊరు అడగలేదు, పేరూ అడగలేదు. షెడ్డు గోడకున్న మేకు నుంచి ఒక స్టీలు గాజు తీసి ఆమె చేతికిచ్చాడు.

"తొడుగు. సబ్బు లేకుండ."

టూ-టూ సైజు గాజు అది, పెద్దవాళ్లు వేసుకునేవాటిలో అతి చిన్నది. కుడిచేతికి కణుపుల దగ్గరే ఆగిపోయింది. ఎడమచేతికి జారుకుంటూ పోయింది.

"బస్. రేపటిసంది రా."

గగన్‌పహాడ్‌లోని ఆ షెడ్డుకు వచ్చేవన్నీ యాభై అరవై ఏళ్లనాటి కార్లు. తిరగడానికి కాదు, నలుగురికి చూపించుకోవడానికి పెంచుకునేవి. పైన రంగు ఎంత మెరిసినా, బరువంతా మోసే అడుగు దూలాన్ని లోపలినుంచి తుప్పు తింటుంది. ఆ దూలం డబ్బాలా మూసి ఉంటుంది. పక్కన గుండ్రటి బొక్కలుంటాయి. వాటిలోంచి మోచేతిదాకా చెయ్యి దూర్చి, గరుకు కాగితంతో తుప్పు గీకి, ఎర్రరంగు పూయాలి. ఆ పనికి పరికరాలు లేక కాదు. పరికరం కంటే ఆడమనిషి కూలి చవక.

ఈరమ్మ ఏడేళ్లు ఆ పని చేసింది. లోపల ఏం ఉందో కంటికి కనపడదు కాబట్టి వేళ్లతో చూడటం నేర్చుకుంది. తుప్పు ఎక్కడ పైపైన ఉందో, ఎక్కడ ఎముకదాకా పోయిందో తడిమి చెప్పేది.

"నీ చెయ్యొక్కటి పంపియ్యి ఈరమ్మా, నువ్వు ఇంట్లనే ఉండు" అని పాండు నవ్వేవాడు.

"పంపిస్త తీ. దానికి బువ్వ నువ్వే తినిపియ్యాలె" అనేది ఆమె.

శంషాబాద్ చుట్టూ ప్లాట్లు అమ్మే శ్రావణ్‌కుమార్‌కు ఒక పాత విదేశీ కారు ఉంది. దాని దూలం ఒకటి పూర్తిగా పుచ్చిపోయింది. కారు చేసిన కంపెనీ ఇప్పుడు ఆ ముక్క చెయ్యడం లేదు. ఎవరో బయటివాళ్లు చేసిన నకలు ముక్కను ఫోన్లో చూసి తెప్పించాడు. మూడు నెలలకు విమానంలో వచ్చింది. డబ్బా విప్పి పాండు అంచులు తడిమాడు.

"సార్, ఈ బొక్కలు మిషన్‌తోని గుద్దిడిసి పెట్టిండ్రు. అంచులు సాపు జెయ్యలే. లోపటికి కోరలు లేసినయ్."

"బయటికి కనపడుతదా?"

"కనపడది సార్."

"మరేంది పరేషాన్? ఆదివారం కార్ల పోటీ ఉంది. బిగియ్."

ఈ మాట ఈరమ్మకు చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

శుక్రవారం మధ్యాహ్నం దూలం బిగించి రంగు వేశారు. చివర్లో పాండు చేతిలోంచి ఒక బోల్టు జారి దూలంలో పడింది. కారు కదిలితే గలగలమంటుంది.

"ఈరమ్మా, జర చెయ్యి వెట్టి తియ్యి."

ఆమె చెయ్యి సులువుగా లోపలికి పోయింది. బోల్టు వేళ్లకు అందింది. వెనక్కి లాగబోతే ఇనుప కోరలు మణికట్టులో దిగాయి. ఎంత లాగితే అంత దిగాయి. బోల్టు వదిలేసింది. అయినా రాలేదు.

సబ్బు రాశారు. గాజులమ్మేవాళ్లు చేసినట్టు ప్లాస్టిక్ కవరు దూర్చి చూశారు. చెయ్యి వాచిపోతోంది. పాండు ఇనుము కోసే మిషన్ తెచ్చి ప్లగ్గు పెట్టి గోడ స్విచ్ వేశాడు. బొక్క పక్కన జాగ్రత్తగా కోస్తే పది నిమిషాల పని. కానీ కోసేముందు శ్రావణ్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. ఆయన వచ్చాడు, వంగాడు, ముందు దూలాన్ని చూశాడు.

"కోస్తే?"

"మళ్ల కొత్తది తెప్పియ్యాలె సార్. లేకుంటే అతుకు వెయ్యాలె."

"పోటీల కింద అద్దం పెట్టి చూస్తరు పాండూ. అతుకుంటే మార్కులు పోతయ్."

"ఆమె చెయ్యి సార్..."

"ఏ చెయ్యి?"

"ఎడమది."

"ఎడమదే గదా. నూనె పొయ్యి. గుంజుండ్రి."

"అన్నా, కొయ్యే" అంది ఈరమ్మ, నేలమీద పడుకునే. "నీ కాడ ఏడేండ్లు జేసిన. ఇనుము అతుకుతదన్నా. చెయ్యి అతకది."

పాండు ఆమె మొహం చూశాడు, సార్ మొహం చూశాడు. గోడ స్విచ్ ఆపేశాడు. తరువాత పోలీసు కాగితంలో దీన్ని ప్రమాదం అని రాశారు. ప్రమాదానికి స్విచ్ ఉండదు.

పాండూ, షెడ్డులోని ఇద్దరు పనివాళ్లూ కలిసి గుంజారు.

బోల్టును ఆ సాయంత్రం తీగకు అయస్కాంతం కట్టి బయటికి తీశారు. రెండు నిమిషాలు పట్టింది.

సర్కారు దవాఖానలో ఈరమ్మకు రెండు వేళ్లు తీసేశారు. మిగతా మూడు ముడుచుకోవు. ఆదివారం కారుకు రెండో బహుమతి వచ్చింది.

వానాకాలం చివర పాండు ఆమె కిరాయి గదికి వచ్చాడు. ఆమె కూతురు అఖిల చాయ్ పెట్టింది. ఇంటర్ సగంలో ఆపి బట్టల దుకాణంలో చేరిన పిల్ల.

"సార్ కారుది బొక్క కాడ రంగు పొంగింది ఈరమ్మా. కొత్త దూలమే, ఏడాది గూడ కాలే. గిదేం తుప్పు?"

"నన్ను గుంజినంక లోపట కడిగిండ్రా?"

"యాడ కడుగుతం? టైం లేకుండె. మీదికెల్లి రంగు గొట్టినం."

"నెత్తుర్ల ఉప్పుంటది. ఇగ ఆడికెల్లే తింటది. కోరలన్న సాపు జేసినవా?"

"చేస్తే రంగు లేస్తదని సార్ వద్దన్నడు."

పాండు చాయ్ గ్లాసు కింద పెట్టి జేబులోంచి స్టీలు గాజు తీశాడు. అఖిల వైపు చూశాడు.

"బిడ్డ చేతులు నీ లెక్కనే ఉన్నయ్..."

ఈరమ్మ కుడిచేత్తో గాజు గుంజుకుని గుమ్మం అవతలి మోరీలోకి విసిరింది.

"లే. లేసి పో."

పాండు వెళ్లిపోయాడు. దారిలో శంషాబాద్ బజారులో ఆగి ఇంకో గాజు కొన్నాడు. సోమవారం కొత్తూరు నుంచి ప్రసన్నలక్ష్మి అనే ఆమె పని అడుగుతూ వచ్చింది. ఆమెకు సబ్బు అవసరం పడలేదు.