తిరిగొచ్చిన వంగపండు చీర

ధర్మవరంలో మాది ఒంటి మగ్గం ఇల్లు. నాయన నేసిన ప్రతి చీరా సావుకారి కొట్టుకే పోయేది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి, ఎక్కడో ఒక మచ్చ వెతికి ధరలో కోత వేసేవాడు. మచ్చ దొరక్కపోతే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదేమో!

వీధికో నెట్ సెంటర్ వెలసిన రోజులవి. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. చీరలు ఇంటర్నెట్‌లో అమ్ముదామంటే నాయన నెల రోజులు వినలేదు. చివరికి వంగపండు రంగు చీర ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఇది పోతే పోయినట్టే. ఇంగ ఆ ఊసెత్తొద్దు పాపా. మిగతావన్నీ సావుకారికే."

నా పరువంతా ఆ ఒక్క చీర మీదే ఉంది. దాన్ని నెట్ సెంటర్లో కుర్చీ మీద పరిచి, ట్యూబ్‌లైటు కింద ఓనరన్న కెమెరాతో ఫోటో తీయించి, ఒక అమ్మకాల సైటులో పెట్టాను. రెండు వారాలకు పూనాలో ఒకామె కొనింది. నాయన ఆ సంగతి బజారులో టీ కొట్టు కొట్టుకూ చెప్పి వచ్చాడు.

పది రోజులకు చీర తిరిగొచ్చింది. ఆమె రాసిన మెయిల్ చదివి వినిపించాను: "నేత చాలా బాగుంది. కానీ ఫోటోలో నీలంగా కనిపించింది, ఇది వంగపండు రంగు. డబ్బు వెనక్కి ఇవ్వండి."

తప్పు నాదే కాబట్టి మొత్తం ఇచ్చేశాను. తర్వాత లెక్క చూస్తే ఒళ్లు మండింది. చీరను సైటులో పెట్టినందుకు కట్టిన ఫీజు తిరిగి రాలేదు. ఆమె డబ్బును మాకు చేర్చిన కంపెనీ తన కూలిగా పట్టుకున్న ముక్కా రాలేదు. ఆమెకు పూర్తి డబ్బు ముట్టింది, ఆ తేడా నా చేతి నుంచే పోయింది. అమ్మకం మీద తీసుకున్న కమీషన్ మాత్రం సైటువాళ్లు వెనక్కి ఇచ్చారు. అదీ నగదు కాదు, ఈసారి అమ్మినప్పుడు తగ్గించుకోమని జమ వేశారు.

"చీర అమ్ముడే పోలేదు కదా, ఫీజెందుకు?" అన్నాడు నాయన.

"దుడ్లు ఆమె దగ్గర్నుంచి మనకు మోసినందుకు."

"మళ్లా ఎనక్కీ మోసినారు కదా?"

"దానికేం తీసుకోలేదు."

"అబ్బో, ధర్మాత్ములు!"

చొక్కా తొడుక్కుని నేరుగా నెట్ సెంటర్‌కు పోయాడు. నేను వెనకాలే పరిగెత్తాను.

"ఏమప్పా, ఆ కంపెనీ ఆసామి యాడుంటాడు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఓనరన్న "కొత్త ట్యూబ్‌లైటు వేయిస్తాలేన్నా" అన్నాడు. నాయన కంప్యూటర్ ముందు కూర్చుని అరగంట అరిచినందుకు మాత్రం అరగంట డబ్బు తీసుకున్నాడు.

ఇక అయిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది. చీర మడిచి సావుకారి మూటలో పెట్టేశాను.

మూడోనాడు పొద్దున నాయన చిలకపచ్చ చీర పట్టుకుని వచ్చాడు.

"ఆ కమీషన్ జమ అట్లే మురిగిపోతాది. వాళ్లకెందుకు వదలాల? ఇది పెట్టు."

నాకు నవ్వాగలేదు. ఓనరన్న కెమెరా అడిగి తెచ్చాను. నాయన చీరను మిద్దె మీద ఎండలో తానే పరిచాడు. అంచు సర్దుతూ అడిగాడు.

"ఆమె రాసింది ఇంకోసారి చెప్పు పాపా."

"డబ్బు వెనక్కి ఇమ్మని."

"అది కాదు. దానికి ముందు మాట."

"నేత చాలా బాగుందని."

ఆయన చీర కొంగును అరచేత్తో నిమిరాడు.

"ముప్పై ఏండ్లు చీరలు తీసుకున్నాడు సావుకారు. ఒక్కనాడన్నా ఆ మాట అన్నాడా? ఈమె చీర ఎనక్కి పంపించి కూడా ఆ మాట అనింది."