ప్రభాకర్ ఆటోలో ఒకటే పాట

మా ప్రభాకర్ ఆటోలో ఒకటే పాట. సముద్రం ఒడ్డున పాతబడ్డ ఊరు, మూతపడ్డ లాడ్జీలు, ఎవరూ దిగని బస్టాండు, మొత్తం ఏడుపే. అయిపోగానే మళ్లీ అదే. అడవి ఊళ్ల నుంచి సారపాక చేరేలోగా, సముద్రం మొహం చూడని మేమందరం ఉప్పునీళ్లలో నానిపోయేవాళ్లం.

"వేరే పాటలు లేవా అన్నా?"

"ఉన్నయ్. పెట్ట."

ఏ సముద్రపు ఊళ్లోనో ఒక పిల్ల ఇతనికి చెయ్యిచ్చిందని మేం తేల్చేశాం.

ఆ వానాకాలం ఒక పొద్దున, సారపాకలో బట్టల కొట్టు నడిపే అనిల్‌కుమార్ ఓపిక చచ్చి, పెన్‌డ్రైవ్ పీకి వరద కాలువలోకి విసిరేశాడు. మేం చప్పట్లు కొట్టాం. ప్రభాకర్ మొహం పాలిపోయింది.

"ఎంత పని జేసినవ్. ఇయ్యాల గుట్ట మలుపుల ఎక్కే రామక్కకు భద్రాచలం దవాఖానల కంటి ఆపరేషన్. తప్పితే ఆ డాక్టరు మళ్ల ఎప్పుడొస్తడో."

"దానికీ పాటకూ ఏంది సంబంధం?"

"కనపడని మనిషి పేరువెట్టి పిలిస్తే ముసల్ది పలకదు, దయ్యమంటది. ఇప్పుడు ఆమెకు ఎవలూ కనపడరాయె. ఈ పాటనొక్కటే నమ్ముతది."

గుట్ట మలుపులో ఆటో ఆగింది. రామక్క వానకు ఏ చెట్టు కిందో కూర్చుని ఉంటుంది. ఏ చెట్టో ఎవరికి తెలుసు? పేరు పెట్టి అరిచాం. ఉలుకూ పలుకూ లేదు. దారిలో ముందున్న వాగు చప్టా మీదికి ఎక్కుతోంది. ఇంకాసేపైతే దాటలేం.

ప్రభాకర్ వానలోకి దిగి గొంతెత్తాడు. అంత ఘోరమైన గొంతు నేనెక్కడా వినలేదు. లాడ్జీల చరణం దగ్గర తడబడితే మేమందరం అందుకున్నాం. మాకు ప్రతి అక్షరమూ వచ్చు మరి. అందరికంటే గట్టిగా పాడింది అనిల్‌కుమార్.

ఇప్పచెట్టు వెనక నుంచి, కర్రతో నేల తడుముకుంటూ రామక్క వచ్చింది.

"ఏంది ప్రభాకరూ, పాటకు పడిశం పట్టిందా?"

ఊపిరి బిగబట్టుకుని చప్టా దాటాక అడిగాను. "అన్నా, ఆ పాటంటే అంత ఇష్టమా?"

"ఇష్టమా? వాంతికొస్తది. ఆమె మొదట ఎక్కిననాడు అదే మోగుతుండె. ఇగ ఎట్ల మార్చాలె?"

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పారని తెలియగానే ప్రభాకర్ సంబరంగా కొత్త పెన్‌డ్రైవ్‌లో డాన్సు పాటలు ఎక్కించుకొచ్చాడు. రామక్క మలుపులో నిలబడి, కొత్త చూపుతో అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఎవలు నువ్వు?"

"నేనే రామక్కా, ప్రభాకర్‌ను."

"నీ మొగం నేనెన్నడన్న జూసిన్నా? పాట పాడు, ఎక్కుత."

ప్రభాకర్ డాన్సు పాట ఆపి మా వైపు దీనంగా చూశాడు. అనిల్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు.