కోదండరాం మామ మిస్డ్ కాల్

మా కోదండరాం మామ ఫోన్ చేస్తే ఎత్తకూడదు. చెన్నై పెరంబూరులో మా వీధి వీధంతటికీ తెలిసిన చట్టమిది. ఆయన చేసేవన్నీ మిస్డ్ కాల్సే. ఒక రింగొస్తే గేటు తియ్యాలి. రెండొస్తే పాల ప్యాకెట్ తేవాలి. మూడొస్తే ఆయనకు కోపమొచ్చిందని అర్థం. ఎందుకొచ్చిందో మనమే కనుక్కోవాలి.

ఆయన ఇంటి మేడమీద వాటాలో నేను కొత్తగా దిగినప్పుడు, తెలియక ఓసారి ఎత్తాను.

"ఎవురప్పా నిన్ను ఎత్తమనింది?" అని అరిచి పెట్టేశారు.

కిందికెళ్లి, "ఇప్పుడు కాల్స్ ఉచితమే కదా మామా?" అన్నాను.

"ఉచితమా? మరి నెలనెలా రీచార్జి ఎవురి జోబీలోంచి పోతా ఉండాది?"

పొద్దున ఆరింటికల్లా అరుగుమీద కూర్చుని వరసగా నలభైమందికి మిస్డ్ కాల్స్ ఇస్తారు. పిచ్చి ముదిరిందనుకునేవాళ్లం.

రైలుపెట్టెల ఫ్యాక్టరీలో రిటైరయ్యాక మామ ఫోన్ వినియోగదారుల సంఘం పెట్టారు. అధ్యక్షుడు ఆయనే, కోశాధికారీ ఆయనే. మా ఇంట్లో ప్రింటరుంది కాబట్టి కార్యదర్శిని నేను.

"మారుమూల ఊళ్లకూ ఫోన్ అందాలని కంపెనీల రాబడిలో కొంత సర్కారు నిధికి పోతాది. అదీ మన దుడ్డే. పోనీ. కొండమీద టవర్ పెట్టనీ, సంతోషం. కానీ ఈడ స్టేషన్ కాడ పూలమ్మే లూర్దుమేరికి రీచార్జి అయిపోతే, వచ్చే కాల్ కూడా ఆపేస్తారే! ఆ యమ్మకు ఫోన్ అందినట్టా? అట్లాంటోళ్ల భారం ఆ నిధే మొయ్యాల!" ఇదీ మామ వాదన.

పోయిన నెల ఫోన్ చార్జీలమీద మైలాపూరులో సర్కారువాళ్లు బహిరంగ విచారణ పెట్టారు. లూర్దుమేరి రీచార్జి సరిగ్గా ముందురోజే అయిపోయింది. మామ పొంగిపోయారు.

"పాపం, సేలంలో కూతురికి నెలలు నిండాయట. కబురెలా తెలుస్తుంది? మనమే చేయిద్దాం మామా," అన్నాను.

"నోరు ముయ్యి! చేయిస్తే సాక్ష్యం పోతాది!"

ఇంత కఠినాత్ముడా అని ఆ రాత్రి నిజంగానే అసహ్యం వేసింది.

హాల్లో మామకు మూడు నిమిషాలిచ్చారు. మూడు చాలవని వాదించడానికే రెండు అయిపోయాయి. అప్పుడు ఫోన్ స్పీకర్ ఆన్ చేసి మైకు దగ్గర పెట్టి, "లూర్దుమేరికి కొడతా ఉండా. కంపెనీ ఏం చెప్తాదో మీరే వినండి!" అన్నారు.

మోగింది.

మామ ముఖం మాడిపోయింది. ఒక్క రింగుకే కట్ చేయడంలో అంత అనుభవమున్న వేలు ఆరోజే తప్పింది. లూర్దుమేరి ఎత్తేసింది.

"మామా! పొద్దున ఏడింటికి నువ్వు రీచార్జి చేయించినావు, ఎనిమిదికి సేలం నుంచి ఫోను! నా కూతురికి ఆడబిడ్డ! మా పూలోళ్లందరికీ నెలనెలా నువ్వేనంట కదా? అంగడాయన చెప్పేసినాడు!"

తెలుగు రానివాళ్లకు కూడా అర్థమైంది. హాలంతా ఒకటే నవ్వు. పొద్దుటి మిస్డ్ కాల్స్ సంగతి నాకప్పుడు తెలిసింది. మోగితే సరే. మోగకపోతే మామ చెప్పులేసుకుని రీచార్జి అంగడికి బయల్దేరతారన్నమాట. ఆ పొద్దున లూర్దుమేరికీ అలాగే చేయించి, హాల్లో వాదన వేడిలో ఆ సంగతే మరిచిపోయారు. ముందురోజు రాత్రి అసహ్యించుకున్నందుకు సిగ్గేసింది.

విచారణాధికారి కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇలా ఎంతమందికి సార్?" అని తమిళంలో అడిగారు.

"నలభై," అన్నాను నేను, కార్యదర్శి హోదాలో.

"అంటే మా నిధి చేయాల్సిన పని ఈయన పెన్షన్ చేస్తోందా? మీ సంఘం అర్జీ కాగితాలిలా ఇవ్వండి, చదువుతాను."

మామకు ఇవేవీ వినబడలేదు. చెవులదాకా ఎర్రబడి, ఫోన్ రెండు చేతులా పట్టుకుని అరుస్తున్నారు.

"ఆడబిడ్డా? సంతోషం! అది సరే, ఎవురమ్మా నిన్ను ఎత్తమనింది?"