మామ్మ తాగని ఉసిరి రసం

నా చిన్నప్పుడు మా మామ్మ నోట్లో ఒక పుండు లేచింది. భోగాపురం దగ్గర మా ఊళ్లో ఆమె వయసు ఆడవాళ్లు చాలామంది అడ్డపొగ తాగేవారు. అంటే చుట్ట వెలిగించి, మండే కొసను నోటి లోపల పెట్టుకునేవారు. మా మామ్మకూ ఆ అలవాటే. విశాఖపట్నంలో చూపిస్తే క్యాన్సరన్నారు. కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. నాన్న పొద్దున్నే బస్సులో తీసుకెళ్లి, సాయంత్రానికి ఇంటికి తెచ్చేవాడు.

కొన్నాళ్లకే ఆమె నోరు ఎండిపోయింది. లాలాజలం ఊరే గ్రంథులు ఆ కరెంటుకు దెబ్బతింటాయట. మెతుకు మింగాలంటే గుక్కెడు నీళ్లు, మాట్లాడాలంటే ఇంకో గుక్కెడు.

పక్కింటి అక్క విజయనగరంలో డిగ్రీ చదివేది. తల్లి లేని పిల్ల, మామ్మ చేతి ముద్దలు తిని పెరిగింది. యాంటీ ఆక్సిడెంట్లు ఆ గ్రంథుల్ని కాపాడతాయని ఫోన్లో ఎక్కడో చదివింది. ఉసిరికాయల్లో అవి దండిగా ఉంటాయని, కాలేజీ నుంచి వస్తూ కొనుక్కొచ్చి రసం తీసేది. గ్లాసు మామ్మ చేతికిచ్చి, వాళ్ల నాన్నకు వంట చేయాలని పరుగెత్తేది. ఆ తర్వాత జరిగేది నేనొక్కదాన్నే చూసేదాన్ని. పుళ్ల నోటికి ఆ పులుపు తగలగానే మామ్మ కళ్లు గట్టిగా మూసుకునేది. చెంపల మీద నీళ్లు కారేవి. అయినా చుక్క మిగిల్చేది కాదు.

నాన్న ఒకరోజు మాటల్లో ఈ సంగతి డాక్టరుకు చెప్పాడు. అలాంటివి గ్రంథుల్ని కాపాడతాయేమోనని పరిశోధనలు జరుగుతున్నాయనీ, అయితే వాటితోపాటు జబ్బు కణాల్ని కూడా కరెంటు నుంచి కాపాడవని ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారనీ ఆయన అన్నాడట. కరెంటు పూర్తయ్యేదాకా మందులా ఏదీ ఇవ్వొద్దన్నాడు. నాన్న ఆ మాట అక్కకు చెప్పాక రసం ఆగిపోయింది.

మరుసటి ఏడు జబ్బు తిరగబెట్టింది. రసం వల్లే అని ఏ డాక్టరూ అనలేదు. కానీ అక్క తిండి మానేసింది. మా గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడిపోయింది.

"నా వల్లేనేటి మామ్మా?"

మామ్మ నీళ్లు తాగి గొంతు తడుపుకుంది. "ఒసే పిచ్చిదానా, నీ రసం నాను తాగితే కదా! నోరు మండిపోతాదని, నువ్వటు ఎల్లగానే పెరట్లో పారబోసీదాన్ని. కావలిస్తే దీన్నడుగు."

అక్క నా వైపు చూసింది. మామ్మ కూడా చూసింది. నేను తలూపాను.

"పారబోసినావా! కాయల కోసం బజారంతా తిరిగినాను నాను!" అంటూ అక్క ఏడుపూ కోపమూ కలిపి మామ్మ ఒళ్లో పడింది. ఆ రోజు మా ఇంట్లోనే అన్నం తింది.

అక్క వెళ్లాక, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"నాను ఎల్లిపోతాను. అది బతకాల," అంది మామ్మ.

వానలు మొదలయ్యేసరికి మామ్మ పోయింది.

అక్క ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతోంది. నేనూ పెద్దదాన్నయ్యాను. కలిసినప్పుడల్లా, "ఎంత జాణే మామ్మ, నా రసమంతా పారబోసింది!" అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. కళ్లు మూసుకుని ఆ గ్లాసు ఖాళీ చేసిన ముఖం నా ఒక్కదానికే తెలుసు. దాన్ని నాతోనే ఉంచుకున్నాను.