పోచయ్య బ్రేకు

సోలాపూర్ చద్దరు మీద నెమలి పురి విప్పి కనిపిస్తే, అందులో ఒక్క ఈకైనా నేను గీసిందై ఉంటుంది. గొప్పకు చెప్పడం లేదు, దాజీ పేట్‌లో సిద్ధరాములు ఎవరని అడిగి చూడండి. సిరిసిల్ల దగ్గర మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా పలక పట్టాను. మేనమామ వెంట ఇక్కడికి వచ్చి ముందు సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపాను, తర్వాత జకార్డు నక్షాలు గీసేవాడినయ్యాను. గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడి నింపి పువ్వులు పూయించాను. సహకార సంఘం వాళ్ళు పిలిచి శాలువా కప్పారు. మార్కండేయ రథోత్సవంలో రథానికి కట్టిన వస్త్రం అంచు ఒక ఏడు నాదే. నా దగ్గర గీత నేర్చుకున్నవాళ్ళు ఇవాళ కంప్యూటర్ల ముందు కూర్చుని అదే పని చేస్తున్నారు. పేక ఒక్క పోగు తప్పిన బట్టను నా కళ్ళ ముందు నుంచి దాటనివ్వలేదు.

ఇదంతా ముందే చెప్పేశాను, ఎందుకంటే నేను రాయబోయేది పోచయ్య గురించి. పోచయ్యకు శాలువా ఎవరూ కప్పలేదు. అతను సాంచలు నడిపాడు, అంతే. పొడుగ్గా, సన్నగా, జుట్టు మీద ఎప్పుడూ దూది రేణువులతో, పండక్కి కూడా తల నెరిసినవాడిలా కనిపించేవాడు. నన్ను బావా అనేవాడు, నేనూ అతన్ని బావా అనేవాడిని. చుట్టరికమేమీ లేదు. పక్కపక్క సాంచల మీద పని చేయడమే మా చుట్టరికం.

కార్ఖానాలో సాంచలు నడుస్తుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అందరం సైగలు చేసుకునేవాళ్ళం. పోగు తెగితే ఒక సైగ, సేటు వస్తున్నాడంటే ఇంకొకటి. పోచయ్య సైగ మాత్రం వేరే. ప్రతి సాంచ మీదా ఒక బల్బు వేలాడేది. నేను నక్షా బల్ల దగ్గరికి మారాక, అతను తన బల్బును రెండుసార్లు ఆర్పి వెలిగించేవాడు. చాయ్‌కి పోదాం అని. నేను నా బల్ల మీది దీపం ఒక్కసారి ఆర్పి వెలిగించేవాడిని. వస్తున్నా అని. మూల మీది చాయ్ బండి దగ్గర నిలబడ్డాక మేమేమీ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. చెవులు ఇంకా హోరుమంటుంటే ఏం మాట్లాడతాం? చాయ్ తాగేవాళ్ళం, మళ్ళీ లోపలికి పోయేవాళ్ళం. నా నక్షా బాగుందని అతను ఒక్కనాడూ అనలేదు. తను నేసిన బట్ట మీద దాన్ని అరచేత్తో నిమిరేవాడు.

తర్వాత కార్ఖానా మూతపడింది. పోచయ్య కోడలు పూనం బీడీ కార్మికురాలు. ఆమెకు కుంభారి దగ్గర రాయనగర్‌లో ఇల్లు వస్తే అందరూ అటు పోయారు. నా ఇంటావిడ కాలం చేసింది, నా కొడుకు పొద్దున పనికి పోయి చీకటి పడ్డాక వస్తాడు. ఆ మధ్యనే పోచయ్యకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది.

నేను ఫోన్ చేసేవాడిని. పూనం ఫోన్ అతని చెవి దగ్గర పెట్టేది. నేను మాట్లాడేవాడిని, శాలువా సంగతి, రథం సంగతి, ఉన్నవన్నీ చెప్పేవాడిని. అవతల అతని ఊపిరి వినపడేది. నా మాటలైపోయాక ఇద్దరం కాసేపు ఊపిరి విని పెట్టేసేవాళ్ళం. కొన్నాళ్ళకు ఫోన్ చెవి దగ్గర పెడితే అతను తల తిప్పేసుకుంటున్నాడని పూనం చెప్పింది.

మోకాళ్ళు ఒప్పుకోకపోయినా ఒక మధ్యాహ్నం బస్సు ఎక్కి పోయాను. అక్కడ అన్ని ఇళ్ళూ ఒకే తీరు, ఇల్లు పోల్చుకునేసరికి చెమటలు పట్టాయి. పోచయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రొట్టెలు చేసే పీట, దాని మీద రబ్బరు బ్యాండ్లతో కట్టిన ఫోన్. ఎడమచేతి బొటనవేలు ఒక్కటే కదులుతోంది.

"ఏంది బావా, రొట్టె బదులు ఫోన్ ఒత్తుతున్నవా?" అన్నాను.

అతను తల ఎత్తలేదు. చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతున్న పూనం నవ్వింది.

"కూసో పెద్దమామా. డాక్టర్ అంగఠా, గీ బొటనవేలు, ఆడియ్యమన్నడు. రబ్బర్ బాల్ ఇస్తే ఇసిరికొట్టిండు. గందుకని మా తమ్ముడు ఇది ఏసిచ్చిండు. పోరలు చేతుల పట్టుకొని ఆడే గేమ్ డబ్బా ఉంటుండె గదా పాతకాలంల? గా డబ్బా ఆటల్ని ఫోన్ల నడిపిస్తది. ఎమ్యులేటర్ అంటరు."

తెర మీద ఒక జీపు మట్టిదారిలో పోతోంది. మిగతా జీపులు ముందుకెళ్ళిపోతున్నాయి.

"బటన్లన్నీ ఒక్క దిక్కే ఉన్నయేందే?"

"అసలు జీపును ఉరికిచ్చే గ్యాస్, బ్రేకు కుడిదిక్కు ఉంటయి. మామకు కుడిచెయ్యి లేస్తలేదాయె. సెట్టింగుల బటన్ల జాగ మార్చేది ఉంటది. అన్నిటిని ఎడమదిక్కు గుంజిన, జర పెద్దగ చేసిన. గ్యాస్ ఒక్కపారి ఒత్తితే మళ్ళ ఒత్తేదాంక అట్లనే పడి ఉంటది. ఇగ మిగిలింది తిప్పుడు, బ్రేకు. ఒక్క అంగఠాకు గంతే పని." ఆమె ఒక బీడీకి దారం చుట్టి పక్కన పడేసింది. "ఇద్దరు కూడ ఆడొచ్చు మామా, రెండు ఫోన్లు నెట్ మీద కలుపుకొని. ఈయనతోని ఎవరు ఆడుతరు? ఈయన కొడుకు మంగేశ్ రాత్రంత మిల్లుల, పగలంత నిద్రల."

"నేను ఆడుత," అన్నాను.

బొటనవేలు ఆగింది. పోచయ్య తల తిప్పి నన్ను చూశాడు. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టాక అదే మొదటి చూపు. ఆ చూపు కోసం నేను మళ్ళీ బస్సు ఎక్కాల్సిన పని లేదు, ఫోన్ ఉంటే చాలు అనుకున్నాను.

పూనం నా ఫోన్‌లోనూ ఆ ఆట వేసింది. ఇద్దరి ఫోన్లలో ఒకే సర్వర్ పేరు రాసింది. రోజూ తను బీడీలు కంపెనీలో అప్పజెప్పి వచ్చాక కలుద్దామని మాట.

ఇంటికి వచ్చి తెరిచి చూస్తే బొమ్మ నాకు నచ్చలేదు. జీపు అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి, చెట్టు చెట్టులా లేదు. జీవితమంతా సన్నని పని చేసిన కన్ను నాది. సెట్టింగుల్లో వెతికితే రెజల్యూషన్ అని దొరికింది. ఒకటి ఉన్నదాన్ని నాలుగు చేశాను. నీడలు, మెరుపులు, కనిపించినవన్నీ వేశాను. బొమ్మ పట్టుబట్టలా మెరిసింది. తెర మూలన వేగం చూపే అంకె వంద నుంచి సగానికి పడింది. పడనీ అనుకున్నాను. సన్న నూలు ఎక్కించినప్పుడు సాంచ వేగం తగ్గించాల్సిందే, లేకపోతే పోగు తెగుతుంది. ఏ సాంచకైనా ఇదే నియమం.

ఇక్కడ మాత్రం వేగం తగ్గితేనే పోగు తెగింది. ఆట మొదలై నా జీపు కదిలిందో లేదో, తెర మీద సంబంధం తెగిందని అక్షరాలు వచ్చేవి. ఆ వెంటనే పూనం ఇంకో ఫోన్ నుంచి, నా దగ్గరున్న నా కొడుకు పాత ఫోన్‌కు చేసేది.

"మామా, ఎటు పోయినవ్? నీ జీపు మాయమైంది!"

"నేనేడికి పోయిన? ఈడనే ఉన్న."

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. రెండు ఫోన్లూ ఒకే జోరు మీద నడిస్తేనే కలిసి ఉంటాయని ఆమె చెప్పేది, నేను నెట్టు మంచిగ లేదనేవాడిని. చివరికి ఒకనాడు ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"మామా, పీట కిందికి తోసేసిండు. నువ్వే కావాల్నని ఎల్లిపోతున్నవ్ అనుకుంటుండు. గోడదిక్కు తిరిగి పండుకున్నడు. ఇంకోపారి గిట్లయితే ఇగ ముట్టడు."

ఫోన్ చెవి దగ్గర పెడితే తల తిప్పేసినవాడు, ఇప్పుడు ఇది కూడా వదిలేస్తే నాకు అతని దగ్గరికి ఇంకే దారీ లేదు.

"ఏం చెయ్యాల్నో చెప్పు," అన్నాను మరునాడు.

"ఫ్రేమ్ స్కిప్ పెట్టు. మధ్యమధ్యల కొన్ని బొమ్మలు ఇడిసిపెట్టి ఉరుకుతది."

"పేక ఇడిసిపెట్టుమంటున్నవా? నన్ను?"

"పేక కాదు మామా, బొమ్మ."

"ఒక్కటేనే. మధ్యల ఒకటి పోతే బట్ట బట్టేనా?"

"నువ్వు బట్ట నేస్తున్నవా, ఆయనతోని ఆడుతున్నవా?"

పెట్టాను. అంకె వందకు ఎక్కింది. ఆట తెగలేదు. నా జీపు గంతులేస్తూ పోయింది, చెట్లు ఇక్కడ ఒకసారి, అక్కడ ఒకసారి కనిపించాయి. ముందు దారి మధ్యలో పోచయ్య జీపు నిలబడి ఉంది. పాడైందేమో అనుకుని పక్క నుంచి దాటిపోయాను. ఒక చుట్టు తిరిగి వచ్చినా అక్కడే ఉంది. మళ్ళీ దాటాను. గెలుస్తున్నానని కూడా అనిపించింది, ఎందుకు దాచాలి?

"మామా," పూనం గొంతు వచ్చింది, "ఈయన ఏందో చేస్తుండు. గ్యాస్ తీసేసిండు. బ్రేకు ఒత్తుతుండు, ఇడుస్తుండు, ఒత్తుతుండు, ఇడుస్తుండు. జరసేపు ఆగుతుండు. మళ్ళ గట్లనే. నువ్వు పక్క నుంచి పోతుంటే మొహం ఎట్లనో పెట్టిండు."

"బ్రేకు ఒత్తితే ఏమైతది?"

"ఏమైతది? జీపు ఎనుక ఎర్ర లైటు ఎలుగుతది."

మా ఇంటి వెనక ఎవరిదో ఒక్క సాంచ ఇంకా నడుస్తోంది. దాని చప్పుడు వింటూ కూర్చున్నాను. ఎర్ర లైటు రెండుసార్లు. కాసేపు ఆగి, మళ్ళీ రెండుసార్లు. నా తెర మీద మాత్రం ఏమీ వెలగలేదు. ఆ వెలుగులు వదిలేసిన బొమ్మల్లో పోయాయి.

"పూనం, ఆయన్ని ఉండమను. చెయ్యి పట్టుకొని చెప్పు. సిద్ధరాములు వస్తుండు, ఉండు అని చెప్పు. ఫ్రేమ్ స్కిప్ తీసేస్తున్న."

"తీసేస్తే మళ్ళ తెగుతది గద మామా! ఆగు, రెజల్యూషన్ ఎంత ఉంది?"

"నాలుగు."

"అర్రే దేవా! నీ ఫోన్‌కు గంత దమ్ముందా? ఒకటి పెట్టు. మెరుపులన్ని తియ్యి. బొమ్మ మోటుగ అయితది, గాని ఒక్కటి కూడ పోదు."

మోటు బట్ట నా చేతి మీదుగా ఎన్నడూ పోలేదు. ఒకటి పెట్టాను. నీడలు తీశాను, మెరుపులు తీశాను, బ్యాటరీ పొదుపు తీశాను. కాలుతున్న ఫోన్‌కు తొడుగు విప్పి ఫ్యాను కింద కూర్చున్నాను. మళ్ళీ కలిసేసరికి అంకె వంద దగ్గర నిలబడింది, కదల్లేదు.

బొమ్మ మొత్తం గడులు గడులుగా ఉంది. ఆకాశం గడులు, దారి గడులు. నా నక్షా బల్ల మీది కాగితం లాగే ఉంది. పోచయ్య జీపు దారి మధ్యలోనే ఉంది, వీపు నా వైపు. దాని కింద రెండు మూలల్లో చెరొక గడి నల్లగా ఉంది. ఆ గడులు ఎర్రబడ్డాయి, ఆరాయి. ఎర్రబడ్డాయి, ఆరాయి.

నేను అతన్ని దాటి, కొద్దిగా ముందుకు పోయి, అతనికి నా వీపు కనిపించేలా ఆగాను. బ్రేకు ఒక్కసారి నొక్కి వదిలాను.

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినపడింది. తర్వాత అతని జీపు మెల్లగా వచ్చి నా జీపు పక్కన నిలబడింది. ఫోనే నడిపే మిగతా జీపులన్నీ దుమ్ము లేపుకుంటూ మమ్మల్ని దాటిపోయాయి. మేము కదల్లేదు. నేను కూర్చున్న గదిలో నేనొక్కడినే, అతని గదిలో అతను. తెర మీద రెండు జీపులు ఒకదాని పక్కన ఒకటి, గడ్డి అంచున. నా పక్కకు రావడానికి అతను ఒత్తిన గ్యాసు ఇంకా పడే ఉంది కనుక, నిలబడాలంటే బ్రేకు మీద నుంచి వేలు తీయకూడదు. అందుకని అతని ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

"మామా," పూనం మెల్లగా అంది, "ఈయన గదవ ఎత్తి పొయ్యి దిక్కు చూపిస్తుండు. చాయ్ అడుగుతున్నట్టున్నడు. ఎన్ని దినాలాయె అడిగి!"

"పెట్టియ్యే. నేను ఈడ పెట్టుకుంట."

లేవలేదు. దీపం వైపే చూస్తూ కూర్చున్నాను. కొంచెం సేపటికి అది ఆరింది. ఆరగానే అతని జీపు తనంతట తాను బయలుదేరింది, గడ్డి దాటి, కంచె దాటి, తిప్పేవాడు లేక నేరుగా పోయి ఒక గడ్డివామికి గుద్దుకుని అక్కడే చక్రాలు తిప్పుతూ ఉండిపోయింది. ఉన్నది ఒక్క చెయ్యి. గ్లాసు చేతికి వచ్చిందన్నమాట.

నేను లేచి, ఒక్క గ్లాసు నీళ్ళు కొలిచి పొయ్యి మీద పెట్టాను.