అన్న వేసిన జాయింటు

మా అశోక్‌నగర్ అపార్ట్‌మెంటులో ఏళ్ల తరబడి పైపుల పని చేసిన ప్లంబరన్న పోయిన వారం చనిపోయాడు. చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే పక్కింటావిడ చెప్పింది. ఏరినవి అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను.

పాలమూరు మనిషి. నాకన్నా పెద్దవాడైనా నన్ను అక్కా అనేవాడు. పైపు కోసి, అంచు గీకి, పాత బనీను గుడ్డతో తుడిచేవాడు. పైపుకూ, మలుపులో వేసే ఎల్బోకూ అతికించే సొల్యూషన్ రాసి, దూర్చి, కొంచెం తిప్పి, ముప్పై లెక్కపెట్టేదాకా పట్టుకునే కూర్చునేవాడు. పలకరించినా పలకడు. అవతల టీ చల్లారిపోతుంటే నాకు ఒళ్లు మండేది.

"నీళ్లకు తొవ్వ జూపియ్యనక్కర్లేదక్కా. సందుంటే అవే ఎతుక్కుంటయి" అనేవాడు.

రెండేళ్ల క్రితం మా బాత్‌రూములో జాయింటు మార్చి, "అతుకు ఆరాలె, రేపు పొద్దటిదాంక వాల్వ్ తిప్పకు. జర ఓపిక వట్టు" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు. గంట తిరక్కుండానే మా ఆడపడుచు వాళ్లు దిగారు. ఏమవుతుందిలే అని నేనే తిప్పాను. మర్నాటికి కింది వాళ్ల స్లాబంతా తడిసిపోయింది. సెక్రటరీ గారు అందరి ముందూ అన్నను నానా మాటలూ అన్నారు.

"వాల్వ్ తిప్పలేదు గదా అక్కా?" అని అడిగాడు అన్న.

"లేదు" అన్నాను.

ఒక్క క్షణం నన్ను చూసి, "అయితే నా చేతి పనే సారూ" అన్నాడు. తర్వాత అతన్ని మా అపార్ట్‌మెంటుకు ఎవరూ పిలవలేదు. తెలిసే నా పరువు కాపాడాడని, ఎంత మంచివాడో అని ఇన్నాళ్లూ అనుకున్నాను. అలా అనుకుంటే నాకే హాయిగా ఉండేది.

మొన్న ముషీరాబాద్ బస్తీలో వాళ్లింటికి వెళ్లాను. ఏ ఇంటి నుంచి వచ్చానో చెప్పగానే ఆయన భార్య తలెత్తింది.

"మీ ఇల్లేనా అమ్మా! గా జాయింట్ ఎందుకు గారిందో ఆయనకు సమజే గాలే. పొయ్యేదాంక గదే పరేషాన్."

సిగ్గుతో చచ్చిపోతూ అంతా చెప్పేశాను.

"గీ ముక్క ఆయనకు జెప్పకపోతివి" అంది ఆమె. తిట్టినా బాగుండేది.

లేచి, మంచం కింది నుంచి ఒక బియ్యం సంచి లాగి నా ముందు పెట్టింది. నిండా పైపు ముక్కలు. ఎల్బోలకు అతికించి, ఆరాక నిలువునా కోసి చూసుకున్నవి. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాను. దేనిలోనూ సందు లేదు.