బావ తీసేసిన గుర్రం

పంచాయితీ పెట్టి గుర్రాల చిట్టీ రాసే మూర్ఖులు భూమ్మీద సోలాపూర్ మగ్గాలవాళ్ళం మేమే. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పూనా రేసుల మీద జోడ్‌భావి పేట్ చాయ్ హోటల్లో ఒకడు చిట్టీలు రాసేవాడు. మూడు పందేల్లోనూ గెలిచే గుర్రాలను ముందే చెప్పాలి. ఒక్కటి తప్పినా అది చిత్తుకాగితమే. పందేనికొకటి చొప్పున మూడు గుర్రాలు కలిపితే ఒక వరస, వరసకు ఒక రూపాయి. మొదటి పందెంలో ఒక గుర్రం, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో మూడు పెడితే ఆరు వరసలు. మొదటిదాంట్లో ఇంకొకటి చేరిస్తే పన్నెండు. మా దగ్గరున్నవి ఎనిమిది రూపాయలు. అందులో సగానికి పైగా మా బావవి. ఆయన సేటు మగ్గం మీద కూలికి నేసేవాడు. చిట్టీ తగిలితే సొంత మగ్గం పెట్టుకోవాలని ఆశ. మిగతావి నావీ, మా అక్క బీడీలు చుట్టి దాచినవీ.

ఆరు వరసల లెక్క నేనే కట్టాను. మొదటి పందెంలో నేనెంచిన గుర్రం ఒక్కటే. అది గెలవడం పొద్దు పొడవడం లాంటిదన్నాను. అక్క తంబాకు చేటను పక్కకు నెట్టింది.

"నా గుర్రమేదిరా?"

"మొదటిదాంట్ల జాగ లేదక్కా."

"నా పైసలకు జాగ ఉన్నది, నా గుర్రానికి లేదా? రేసు పుస్తకంల చదివినవ్ గద, పచ్చంగి మీద ఎర్రపట్టీలోడు ఎక్కే గుర్రం. అచ్చం మనం నేసే చీర అంచు లెక్క. గదే రాయి."

"అంగీ చూసి గుర్రాన్ని పడతరా ఎవరన్న?"

"నువ్వేం చూసినవ్, దాని పండ్లా?"

మా పేటలో అదొక రివాజు. నలుగురు కలిసి దేనికి పైసలేసినా, వేసిన ప్రతి చేతికీ అందులో ఒక మాట ఉండాలి. గుర్రాలకూ అదేనట! అక్క గుర్రం చేరింది. నాది తీయడానికి లేదు, నేనూ పైసలు పెట్టాను కదా. వరసలు పన్నెండయ్యాయి. మూడో పందెంలో ఒకటి తీస్తే ఎనిమిదికి దిగుతాయి. అక్కడున్నవి అందరూ మెచ్చిన గుర్రాలు రెండు, బావ గుర్రం ఒకటి.

"నాది తీసేయుండ్రి," అన్నాడు బావ. "మీ అక్కాతమ్ముల లడాయిల నా గుర్రమెందుకు?"

ఆదివారం సాయంత్రం హోటల్లో ఫోను మోగింది. మొదటి పందెం మాదే. రెండోదీ మాదే. మూడోదాంట్లో గెలిచింది బావ తీసేసిన గుర్రం.

ఈ కథ చెప్పిన ప్రతిచోటా అక్కను తిట్టాను. ఆమె మొండితనం వల్ల నాలుగు మగ్గాలు పోయాయన్నాను. వినేవాడు మెతకవాడైతే హోట్గి రోడ్‌లో బంగళా కూడా కలిపాను. నాలుగు కాదు లెండి, ఒక్కటి. అదీ పాతది. ఇంకో మాట కూడా చెప్పేయాలి. మొదటి పందెం గెలిపించింది అక్క గుర్రమే. నా పొద్దు అందరికన్నా ఆఖరున పొడిచింది. నా లెక్కే సాగి ఉంటే చిట్టీ అక్కడే చచ్చేది. అక్క గుర్రాన్ని ఉంచి నాది తీసేసి ఉంటే, అవే ఆరు వరసలు, బావ గుర్రానికీ చోటు మిగిలేది.

అయినా నా కోపం చల్లారదు. పైసలు పెట్టినవాడి మాట పోగూడదన్న రివాజు, అందరికన్నా ఎక్కువ పెట్టినవాడి దగ్గరికొచ్చేసరికి ఎక్కడ చచ్చింది? ఆయన నోరు పెద్దది కానందుకా?

సోమవారం పొద్దున దాజీ పేట్‌లో బావ సేటు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. ఓదార్చడానికి వెళ్ళాను. నాడె విసరడం ఆపకుండానే అన్నాడు:

"మల్ల రాసేటప్పుడు, బామ్మర్దీ, ముందుగాల నీ గుర్రాన్ని ఇంట్ల కట్టేసి రా."